ఏలినవారికి పాత వేషాలు

ఈ పూట బొమ్మల సంగతి మాట్లాడతాను. రాజకీయ కార్టూన్లలో మంత్రులకీ, అధ్యక్షులకీ, చక్రవర్తులకీ తొడిగిన పాతకాలపు దుస్తుల సంగతి. రేడియోలో బొమ్మ చూపించలేను. కానీ కిరీటం, రాజదండం, ఈకల టోపీ అనగానే మీ కళ్లముందు అవి కదులుతాయి. కార్టూనిస్టు నమ్ముకున్నదీ దాన్నే.

విలియం థాకరే అనే ఆంగ్ల రచయిత, మన కలకత్తాలో పుట్టినవాడు, 1840లో పారిస్ మీద ఒక పుస్తకం వెలువరించాడు. అందులో ఆయనే గీసిన బొమ్మ ఒకటి ఉంది. పక్కపక్కన మూడు ఆకారాలు. మొదటిదాంట్లో మనిషి లేడు. పెద్ద విగ్గు, నేలమీద జీరాడే రాజవస్త్రం, కత్తి, ఎత్తుమడమల జోళ్లు, అన్నీ కలిసి వాటంతట అవే నిలబడి ఉంటాయి. రెండోదాంట్లో దుస్తుల వైభవం ఏమీ లేదు. బట్టతల, సన్నకాళ్లు, ముందుకొచ్చిన పొట్ట, ఒక పొట్టి ముసలాయన. మూడోదాంట్లో ఆ ముసలాయన ఆ దుస్తుల్లోకి దూరాడు. ఇంకేముంది, ఫ్రాన్సును 72 ఏళ్లు ఏలిన పద్నాలుగో లూయీ మహారాజు మన ఎదుట నిలబడ్డాడు!

దీనికి ఆధారం 1701లో ఇయసాంత్ రిగో వేసిన నిలువెత్తు వర్ణచిత్రం. అప్పటికి రాజుకి అరవై దాటాయి. ఆ చిత్రంలో నీలిరంగు మఖమలు, తెల్లటి బొచ్చు లోపలిపొర, ఎర్ర మడమలు చూసినవాళ్లు తలెత్తి చూడవలసిందే. థాకరే ఆ వైభవాన్ని మూడు ముక్కలుగా విడదీసి, ఏ ముక్క బరువు ఎంతో చూపించాడు. నాకు తెలిసిన కార్టూన్లన్నిటిలో ఇంత తక్కువ గీతల్లో ఇంత పెద్ద మాట చెప్పినది మరొకటి లేదు. థాకరే రాజు ఒంటిమీద నుంచి దుస్తులు తీసేశాడు. మిగతా కార్టూనిస్టులు ఎక్కువగా దీన్ని తిరగేశారు. ఎవరివో దుస్తులు తెచ్చి పాలకుడికి తొడిగారు. అవి ఎక్కడ వదులయ్యాయో, ఎక్కడ పట్టలేదో, అక్కడే అభియోగం ఉంది.

నెపోలియన్ విషయం చూడండి. ఆయన మరీ పొట్టివాడేం కాదు, ఆ కాలపు ఫ్రెంచివాళ్లలో సగటు ఎత్తు మనిషే. ఆయన్ని లోకం దృష్టిలో మరుగుజ్జును చేసినవాడు లండన్ చిత్రకారుడు జేమ్స్ గిల్‌రే. ఎలా చేశాడు? దుస్తులు పెంచి చేశాడు. తల మునిగిపోయేంత టోపీ, దానిమీద ఇంకా ఎత్తుగా ఈకలు, తొడలదాకా జోళ్లు. లోపల ఉన్న మనిషి తనంతట తానే కుంచించుకుపోయాడు. 1805 ఫిబ్రవరిలో గిల్‌రే వేసిన బొమ్మలో బ్రిటిష్ ప్రధాని పిట్, నెపోలియన్ ఒకే బల్ల దగ్గర కూర్చుని భూగోళాన్ని భోజనంలా కోసుకుంటుంటారు. నెపోలియన్ కత్తికి యూరప్ తగిలింది, పిట్ త్రిశూలంలాంటి ముల్లుకి సముద్రం తగిలింది. ఇద్దరూ సైనిక దుస్తుల్లోనే ఉన్నారు. పిట్ బక్కపలచని పొడుగు మనిషి, నెపోలియన్ కుర్చీలోంచి లేచి చెయ్యి చాస్తే గానీ అందని మనిషి. దేశాల పంపకం ఎలా జరుగుతుందో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

దుస్తుల కోసం చరిత్రను తవ్వే పని కార్టూనిస్టు ఒక్కడే చెయ్యలేదు. అంతకు దాదాపు మూడు నెలల ముందు, 1804 డిసెంబరు 2న నోత్రదాం చర్చిలో నెపోలియన్ పట్టాభిషేకం జరిగింది. తలమీద రోమన్ చక్రవర్తుల తరహాలో బంగారు ఆకుల దండ. ఒంటిమీద ఎర్ర మఖమలు వస్త్రం, దాని నిండా బంగారు తేనెటీగలు. తేనెటీగలు ఎందుకు? పాత రాజవంశం గుర్తు కలువ లాంటి పువ్వు. తలలు నరికి తొలగించిన వంశపు గుర్తును కొత్త చక్రవర్తి ధరించలేడు. అందుకని అంతకన్నా పాతదాన్ని వెతికారు. 5వ శతాబ్దపు చైల్డెరిక్ అనే రాజు సమాధి 1653లో తూర్నే పట్టణంలో బయటపడినప్పుడు అందులో చిన్న చిన్న బంగారు తేనెటీగలు దొరికాయి. ఆ తేనెటీగలే పదమూడు వందల ఏళ్లు దాటి నెపోలియన్ భుజాలమీదికి వచ్చి వాలాయి. అధికారం ఎంత కొత్తదైతే అంత పాత దుస్తులు కావాలి. అది తెలిసిన పాలకుడు దర్జీలను పెట్టుకుంటాడు, తెలిసిన కార్టూనిస్టు పెన్సిల్ పట్టుకుంటాడు.

ఫ్రాన్సులోనే ఇంకో కథ. 1831లో ఒనొరే డోమియే అనే యువకుడు లూయీ ఫిలిప్ రాజుని ప్రజల సొమ్ము మింగే భూతంగా గీశాడు. మరుసటి ఏడు అతనికి ఆరు నెలల జైలు పడింది. 1835లో వచ్చిన చట్టాలు రాజకీయ వ్యంగ్యచిత్రాన్నే అణిచేశాయి. మరి ఆ చెయ్యి ఊరుకుంటుందా? 1841 నుంచి 1843 దాకా ఆయన ప్రాచీన చరిత్ర పేరుతో 50 బొమ్మలు వేశాడు. గ్రీకు వీరుల దుస్తుల్లో, శిరస్త్రాణాల్లో వీధిచివరి మనుషులు: ఊడిన పళ్లు, వేలాడే పొట్టలు, నిద్రమొహాలు. ఆ బొమ్మల్లో రాజు లేడు, మంత్రి లేడు. కానీ అప్పటి పాలకవర్గం తన గొప్పతనాన్ని ఆ గ్రీకు, రోమన్ విగ్రహాల నుంచే అరువు తెచ్చుకునేది. డోమియే ఆ విగ్రహాలనే చిల్లర మనుషులను చేశాడు. దాన్ని పట్టుకుని శిక్షించడానికి ఏ సెక్షనూ సరిపోలేదు.

ఇక అమెరికా. రాజే లేని దేశంలో రాజవేషానికి ఎంత విలువ ఉంటుందో ఊహించండి. అక్కడ కిరీటం తిట్టుకన్నా పెద్దది. ఆండ్రూ జాక్సన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు 12 బిల్లులను తిరస్కరించాడు. ఆయనకు ముందున్న ఆరుగురు అధ్యక్షులూ కలిసి వీటో చేసినవి 10 మాత్రమే. దేశపు కేంద్ర బ్యాంకు గడువు పొడిగించే బిల్లును 1832లో తిప్పికొట్టాడు, మరుసటి ఏడు ప్రభుత్వ సొమ్మును అందులోంచి తీయించేశాడు. ఆ గొడవల్లోనే ఒక అచ్చుబొమ్మ వచ్చింది. గీసినవాడి పేరు దానిమీద లేదు. సింహాసనం ముందు జాక్సన్ పేకముక్కలోని రాజులా నిటారుగా నిలబడి ఉన్నాడు. కిరీటం, రాజవస్త్రం. ఒక చేతిలో రాజదండం, ఇంకో చేతిలో వీటో కాగితం. కాళ్లకింద చిరిగిన రాజ్యాంగం. బొమ్మ పేరు: ఒకటవ ఆండ్రూ మహారాజు.

ఈ బొమ్మలో కళ గొప్పదని నేననను, గీత మొరటుగానే ఉంటుంది. అయినా దాని దెబ్బ మామూలుది కాదు. అప్పటికి యాభై ఏళ్ల కిందట ఇంగ్లండు రాజుమీద తిరగబడి స్వతంత్రం తెచ్చుకున్నవాళ్లు, వాళ్ల పిల్లలు ఇంకా బతికే ఉన్నారు. ఆ కిరీటం వాళ్లకు పుస్తకంలో చదువుకున్నది కాదు, ఇంట్లో విన్నది. 1834 నాటికి జాక్సన్ ప్రత్యర్థులు ఒక పార్టీగా కూడారు. ఇంగ్లండులో రాజు పెత్తనాన్ని ఎదిరించిన విగ్‌ల పేరునే తమ పార్టీకి పెట్టుకున్నారు. బొమ్మలోని అభియోగమే పార్టీ పేరైంది.

అదే దేశంలో 1871లో థామస్ నాస్ట్ అనే కార్టూనిస్టు రోమ్ దుస్తులు పైకి తీశాడు. న్యూయార్క్ నగరాన్ని దోచుకు తింటున్న ట్వీడ్ అనే నాయకుడిని రోమన్ చక్రవర్తిని చేసి క్రీడారంగం పైమెట్టు మీద కూర్చోబెట్టాడు. కింద బరిలో పులి. ఆ పులి కాళ్లకింద పడి ఉన్న స్త్రీమూర్తి గణతంత్రం. ఎన్నికల వేళ ఆ బొమ్మ హార్పర్స్ వీక్లీ పత్రికలో రెండు పేజీల నిండా పరుచుకుంది. నాస్ట్ అంతటితో ఆగలేదు. 1876 జూలైలో ట్వీడ్‌కి మరో వేషం వేశాడు, అడ్డచారల ఖైదీ బట్టలు. అప్పటికే ట్వీడ్ కాపలా తప్పించుకుని పారిపోయి ఉన్నాడు. ఆ ఏడు సెప్టెంబరులో స్పెయిన్‌లోని వీగో రేవులో పట్టుబడ్డాడు. అక్కడి అధికారులు ఆయన్ని పోల్చుకోవడానికి నాస్ట్ బొమ్మే సాయపడింది. చక్రవర్తి వేషం ఓట్లు పోగొట్టింది, చారల వేషం మనిషినే పట్టించింది. ట్వీడ్ 1878లో జైల్లోనే పోయాడు.

ఇంతకీ ఈ దుస్తులు కార్టూనిస్టుకి ఎక్కడ దొరుకుతాయి? ఈ ప్రశ్నకి లండన్‌లో, కెన్సింగ్‌టన్ ప్రాంతంలో, 18 స్టాఫర్డ్ టెర్రస్ అనే ఇల్లు జవాబు. అక్కడ లిన్లీ సాంబూర్న్ ఉండేవాడు. 1867 నుంచి పంచ్ అనే హాస్య వారపత్రికకి బొమ్మలు వేసినవాడు. పంచ్ పద్ధతి ఇది: బుధవారం రాత్రి సంపాదకవర్గం భోజనానికి కూర్చుని, ఆ వారం పెద్ద కార్టూన్ ఏమిటో చర్చించి తేల్చేది. శుక్రవారానికల్లా బొమ్మ చేతికి రావలసి ఉండేది. రెండే రోజులు. రోమన్ సైనికుడి కవచం ఎటు ముడిపడుతుంది, అంగవస్త్రం మడత ఎటు జారుతుంది, ఇవన్నీ వెతుక్కుంటూ కూర్చునే వ్యవధి ఉండేది కాదు. తప్పు గీస్తే పాఠకుల ఉత్తరాలు వచ్చేవి.

సాంబూర్న్ కెమెరా తెచ్చుకున్నాడు. వేషం వేసుకుని ఇంటి వెనక పెరట్లో తానే నిలబడేవాడు. భార్యను నిలబెట్టేవాడు, పిల్లల్ని, ఇంట్లో పనివాళ్లను, బండి తోలేవాణ్ణి నిలబెట్టేవాడు. ఫొటో తీసి, నీలిరంగు సయనోటైపు కాగితంమీద అచ్చు వేసుకుని, దాన్ని చూస్తూ గీసేవాడు. అలాంటి ఫొటోలు వేలకొద్దీ మిగిలాయి. అవి చూస్తుంటే నాకు కలిగేది గౌరవం. ఒక వారం బతికి చిత్తుకాగితమయ్యే బొమ్మకోసం, భుజంమీద మడత సరిగ్గా పడాలని ఇల్లంతా కలిసి పడిన పాటు అది. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ఆయన మనవడు ఆలివర్ మెసెల్ రంగస్థలానికి దుస్తులూ దృశ్యాలూ రూపొందించి పేరు తెచ్చుకున్నాడంటే ఆశ్చర్యమేముంది?

విచిత్రం ఏమంటే, సాంబూర్న్ బొమ్మల్లో అందరికీ గుర్తున్నదానిలో పాత దుస్తులు లేవు. 1892 డిసెంబరు 10న వచ్చింది. ఆఫ్రికాలో బ్రిటిష్ పెత్తనాన్ని విస్తరించిన సెసిల్ రోడ్స్ ఆ ఖండం పటంమీద ఒక కాలు కేప్‌టౌన్‌లో, ఒక కాలు కైరోలో పెట్టి నిలబడి, రెండు చేతుల మధ్య టెలిగ్రాఫు తీగ చాచి ఉంటాడు. ఆ నిలబడిన తీరు ప్రాచీన రోడ్స్ ద్వీపంలో రేవు దగ్గర ఉండేదని చెప్పుకునే మహావిగ్రహానిది. ప్రపంచపు ఏడు వింతల్లో ఒకటి అది. కానీ ఒంటిమీద మాత్రం తుపాకీ, బూట్లు, చేతిలో దొరటోపీ. గ్రీకు దేవుడి దుస్తులు తొడిగి ఉంటే రోడ్స్ మనకు దూరమయ్యేవాడు, కథలో మనిషి అయ్యేవాడు. ఇంత దుస్తులజ్ఞానం ఉన్నవాడు ఆ బొమ్మలో దుస్తుల్ని పక్కనపెట్టి భంగిమ ఒక్కటే తీసుకున్నాడు. ఎప్పుడు తొడగాలో తెలిసినవాడికే ఎప్పుడు తొడగకూడదో తెలుస్తుంది.

పంచ్‌లో సాంబూర్న్‌కి ముందు పెద్దపీట జాన్ టెనియల్‌ది. ఆయనకు యవ్వనంలో కత్తిసాములో ఒక కన్ను పోయింది. అయినా మనుషుల్ని నిలబెట్టుకునేవాడు కాదు, అంతా జ్ఞాపకం నుంచే గీసేవాడు. ఆయన బొమ్మ ఒకటి మనకు నేరుగా తగిలేది. 1876 ఏప్రిల్. విక్టోరియా రాణికి భారత చక్రవర్తిని బిరుదు కట్టబెట్టే చట్టం తెచ్చాడు ప్రధాని డిజ్రేలీ. టెనియల్ ఆయన్ని అల్లాదీన్ కథలోని మాయలమారిలా గీశాడు. పాత దీపాలకి కొత్త దీపాలు ఇస్తానని తిరిగే మోసగాడి తూర్పుదేశపు వేషం. చేతిలో భారతదేశపు కిరీటం. ఎదురుగా రాణి తన పాత కిరీటం అందిస్తోంది. కథ తెలిసినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది: అసలైన విలువ పాతదానిలోనే ఉంది, ఈ కొత్తది మెరుపే.

రాజకీయంగా పదునైన బొమ్మే. కానీ నాకు అందులో ముల్లు కనిపిస్తుంది. డిజ్రేలీ యూదు కుటుంబంలో పుట్టినవాడు. ఆయనకు ఆ తలపాగా, ఆ అంగీ తొడగడంలో, ఈయన మనవాడు కాదు, పరాయివాడు అనే సైగ ఉంది. జాక్సన్‌కి కిరీటం పెట్టినప్పుడు అతను చేసిన పనిని నిలదీశారు. ఇక్కడ పనితో పాటు పుట్టుకనూ నిలదీశారు. ఈ రెంటికీ మధ్య గీత గీయవలసిందేనని నా నమ్మకం. ఆ గీత దాటిన దుస్తులు ఎంత బాగా గీసినా నేను మెచ్చుకోలేను.

ఆ కొత్త కిరీటం సంగతి అక్కడితో పోలేదు. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ దొర దర్బారు పెట్టి ఆ బిరుదును చాటించాడు. అదే సమయంలో మద్రాసు రాజధానిలో, కర్నూలు, కడప, బళ్లారి, నెల్లూరు జిల్లాల్లో జనం ఆకలితో రాలిపోతున్నారు. రాయలసీమ ఇప్పటికీ ధాత కరువు అని తలుచుకునే కరువు అది. ఒకవైపు రాజులూ నవాబులూ పట్టుబట్టల్లో వరసలు కట్టారు, ఇంకోవైపు ఒంటిమీద గుడ్డలేని బొమికలు గంజికేంద్రాల ముందు వరసలు కట్టాయి. మాయలమారి కిరీటానికి ఎవరు వెల కట్టారో టెనియల్ బొమ్మలో లేదు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా ఆ ఖాళీలో నాకు మన సీమ కనిపిస్తుంది.

మన తెలుగునేలకి వేషంతో విమర్శించే విద్య కొత్త కాదు. పగటివేషగాళ్లు ఊరూరా తిరిగి, అర్ధనారీశ్వరుడు మొదలు ఫకీరు, సోమయాజి దాకా కట్టి, పట్టపగలు నడివీధిలో ఊరి పెద్దల గుట్టు విప్పేవాళ్లు. పౌరాణిక వేషం ఎలా ఉండాలో మన కళ్లకి తోలుబొమ్మలు నేర్పాయి, 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి నాటకాలు నేర్పాయి, తర్వాత సినిమా నేర్పింది. కాకిబంగారం అద్దిన కిరీటం, భుజకీర్తులు, గద కనబడితే చాలు, నిరక్షరాస్యులైన అవ్వలు కూడా దుర్యోధనుడా, భీముడా అన్నది చెప్పేస్తారు. రోమన్ చక్రవర్తి మనకు పనికిరాడు. మన కార్టూనిస్టుకి కురుసభ ఉంది.

అయితే 1983 జనవరిలో ఈ బట్టలపెట్టెకి పెద్ద పరీక్ష వచ్చింది. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. 1957 మాయాబజార్ నుంచి ఆయన ముఖమే తెలుగిళ్లలో కృష్ణుడి ముఖం. కార్టూనిస్టుకి పని సులువైందని పైకి అనిపిస్తుంది, కిరీటం వెతకనక్కర్లేదు కదా! నిజానికి కష్టమైంది. ఏ నాయకుడికి పెట్టినా అభియోగమయ్యే కిరీటం, నెమలిపింఛం ఆయనకి పెడితే అభిమానమైపోతుంది. చూసేవాళ్ల చెయ్యి దణ్ణానికి లేస్తుంది. పోనీ దుర్యోధనుణ్ణి చేద్దామా అంటే, 1977లోనే దానవీరశూరకర్ణలో ఆయన కర్ణుడు, కృష్ణుడు, దుర్యోధనుడు మూడూ తానే వేసి, దుర్యోధనుడికి కూడా చప్పట్లు కొట్టించారు. తప్పు ఎత్తిచూపే వేషమే మిగల్లేదు. ఆ తర్వాత ఆయన కట్టిన కాషాయం కూడా ఆయన ఎంచుకున్న వేషమే. పాలకుడు తన దుస్తులు తానే ఎంచుకుని వస్తే, కార్టూనిస్టు వాటిని అలాగే గీసి, ముఖంలోనూ నిలబడ్డ తీరులోనూ, చుట్టూ ఉన్నవాళ్ల చూపులోనూ చెప్పవలసింది చెప్పాలి. థాకరే లాగా దుస్తుల్ని, మనిషినీ విడదీసి చూపించాలి. చెయ్యి తిరిగినవాళ్లకే సాధ్యమైన పని అది.

ఇప్పుడు కొత్త తరం కళ్లలో రాజు అంటే బాహుబలి సినిమాలోని రాజు. 2015 తర్వాత ఆ కవచాలు, ఆ సింహాసనం కార్టూన్లలోకీ వచ్చాయి. అందంగానే ఉంటాయి. కానీ ఆ సినిమాలోని మాహిష్మతి కల్పిత రాజ్యం, దాని వెనక మన ఊళ్లు తరతరాలుగా చెప్పుకున్న పాపం గానీ పుణ్యం గానీ లేదు. దుర్యోధనుడి గద కనబడగానే నిండుసభలో జరిగిన అన్యాయం గుర్తొస్తుంది. ఈ కొత్త కవచం కనబడితే జలపాతం గుర్తొస్తుంది. అందుకే పద్యనాటకాన్నీ తోలుబొమ్మనీ పిల్లలకు చూపించమని తల్లిదండ్రులను అడుగుతున్నాను. అది కార్టూన్ చదవడానికి కూడా కావలసిన చదువు.

పత్రికాఫీసుల్లోనూ ఇళ్లలోనూ పాత కార్టూన్ల అసలు ప్రతులు ఉన్నవాళ్లకి ఇంకో విన్నపం. ఏళ్లు గడిస్తే ముఖాలు మరుపున పడతాయి, వేషాలు ఇంకా తొందరగా మరుపున పడతాయి. బొమ్మలో ఉన్నది ఎవరు, కట్టిన వేషం ఎవరిది, ఆ వారం ఏం జరిగితే ఆ వేషం కట్టారు, ఈ మూడూ ప్రతి బొమ్మ వెనక పెన్సిల్‌తో రాసిపెట్టండి. గీసినవారు బతికుండగానే వారినడిగి రాసిపెట్టండి.